రెండు దీపాలు, ఒక స్విచ్చు

ఈ వ్యాసంలో ఒక సర్క్యూట్ ఉంది, ఒక లెక్క ఉంది, నేను చేసిన ఒక తప్పు ఉంది. మూడూ కలిపి చదవమని మనవి. తప్పును వదిలేసి సర్క్యూట్ ఒక్కటే కాపీ చేసుకుంటే మళ్ళీ అదే తప్పు దగ్గరికి వస్తారు.

మా బాబాయిది తోట్లవల్లూరు వైపు లంక వ్యవసాయం. అరటి, కంద, పసుపు, మధ్యలో కూరగాయలు. సరుకు ట్రాలీ ఆటోలో వెళ్తుంది. బాబాయి మాత్రం తెల్లవారుజామున మూడున్నరకే బండి తీసి, కరకట్ట మీదుగా యనమలకుదురు దాటి, ఆటో కంటే ముందే బెజవాడ మార్కెట్లో ఉండాలి. ఆయన లేకుండా సరుకు దిగితే ధర ఎవరిష్టం వాళ్ళది.

ఆయన బండికి ముందు రెండు దీపాలుంటాయి, ఒకదాని మీద ఒకటి. కిందది లో బీమ్, పైది హై బీమ్. ఒక్కొక్కటి 55 వాట్ల హెచ్7 హాలోజెన్ బల్బు. డిప్పర్ స్విచ్ నొక్కితే పైది వెలుగుతుంది, కిందది ఆరిపోతుంది. మళ్ళీ నొక్కితే కిందది వెలిగి పైది ఆరుతుంది. హై బీమ్‌లో దూరం కనిపిస్తుంది గానీ చక్రం ముందు గుంట కనపడదు. లో బీమ్‌లో గుంట కనిపిస్తుంది, దూరంగా ఉన్న గేదె కనపడదు.

"రెండు కళ్ళున్న బండి ఒక కన్ను మూసుకుని నడవడమేంట్రా? రెండూ వెలిగేట్టు చెయ్యి. ఇంజనీరింగ్ ఎందుకు చదివిస్తున్నాం నిన్ను?" అన్నాడు బాబాయి. నేనప్పుడు ఈసీఈ రెండో సంవత్సరం. దసరా సెలవులు. చేతిలో సోల్డరింగ్ ఐరన్ ఉంది, తలలో కావలసినంత ధైర్యం ఉంది.

నేను చేసిన పని

డిప్పర్ స్విచ్ చాలా సాదా వస్తువు. లోపలికి ఒక దారి, బయటికి రెండు దారులు. బెజవాడ జంక్షన్‌లో పాయింట్లు మార్చితే రైలు ఏదో ఒక పట్టా మీదికే వెళ్ళినట్టు, కరెంటు లో తీగలోకో హై తీగలోకో పోతుంది. రెండింట్లోకీ పోదు. అందుకే ఒక దీపం వెలిగితే రెండోది ఆరుతుంది.

నేనేం చేశానంటే, స్విచ్ దాటిన తర్వాత ఆ రెండు తీగల మధ్య ఒక జానెడు తీగ కలిపేశాను. ఇప్పుడు కరెంటు ఏ పట్టా మీదికి వచ్చినా రెండో పట్టా మీదికీ పాకుతుంది. రెండు దీపాలూ వెలిగాయి. పని పది నిమిషాల్లో అయిపోయింది. ఇన్సులేషన్ టేపు చుట్టి, డూమ్ మూసి, బాబాయిని పిలిచి చూపించాను. ఆ రాత్రి గోడ మీద పడ్డ వెలుగు చూసి ఇంటిల్లిపాదీ మెచ్చుకున్నారు. పిన్ని గారెలు కూడా వేసింది.

ఒక్క విషయం నేను గమనించి కూడా పట్టించుకోలేదు. డిప్పర్ ఎటు నొక్కినా ఇప్పుడు తేడా లేదు. రెండూ ఎప్పుడూ వెలుగుతూనే ఉంటాయి. పైగా మన దేశంలో 2017 ఏప్రిల్ 1 నుంచి కొత్త ద్విచక్ర వాహనాలకు ఇంజన్ నడుస్తున్నంతసేపూ హెడ్‌లైట్ వెలిగే ఏర్పాటు తప్పనిసరి. బాబాయిది ఆ తర్వాత తయారైన బండి, దానికి లైట్ ఆపే స్విచ్చే లేదు. అంటే బండి స్టార్టయిన క్షణం నుంచి ఆగేదాకా, పగలూ రాత్రీ, ఎదుటివాడి కళ్ళల్లోకి హై బీమ్.

"డిమ్ము పని చెయ్యట్లేదేంట్రా?" అని బాబాయి అడిగాడు కూడా. "రెండూ కావాలన్నావుగా బాబాయ్, ఇక డిమ్ముతో పనేంటి?" అన్నాను. ఈ వాక్యం రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

కరకట్ట మీద

కరకట్ట రోడ్డుగా పుట్టింది కాదు. కృష్ణ వరద ఊళ్ళ మీద పడకుండా వేసిన మట్టికట్ట అది. తర్వాత దాని మీద తారు పడింది. ఒక పక్క నది వైపు లంకలు, ఇంకో పక్క ఊళ్ళు, రెండు వైపులా పల్లం. రెండు బళ్ళు ఎదురైతే ఒకరు అంచుకు జరగాలి. వీధి దీపాలు ఊరున్న చోటే ఉంటాయి. కోతల కాలంలో డెల్టా రోడ్ల మీద ధాన్యం ఆరబోసి, చుట్టూ రాళ్ళు పేర్చి ఉంచుతారు. వెనక దీపం లేని ట్రాక్టర్ ట్రక్కులు నిలిపి ఉంటాయి. బాబాయి ఎక్కువ వెలుగు అడగడం సరదాకి కాదు, అది నిజమైన అవసరం.

కార్తీకమాసం చివర్లో, నేను హాస్టల్లో నిద్రపోతుండగా, తెల్లవారుజామున ఫోన్ మోగింది.

"ఒరేయ్, లైట్లు రెండూ పోయినయ్. అది సరేలే. ఇంకోటి జరిగింది."

ఎదురుగా ఒకాయన మోపెడ్ మీద రెండు పాల క్యాన్లతో పాలకేంద్రానికి వెళ్తున్నాడు. బాబాయి దూరం నుంచే డిప్పర్ నొక్కాడు. ఏళ్ళ అలవాటు, వేలు దానంతటదే పోతుంది. కానీ అక్కడ దించడానికి ఏమీ లేదు. ఆయనకి కళ్ళు బైర్లు కమ్మి, అంచు కనపడక, మోపెడ్‌తో సహా కట్ట పల్లంలోకి జారిపోయాడు. బాబాయి బండి ఆపి, లైటు అటువైపే ఉండనిచ్చి, ఇంజన్ ఆపకుండానే కిందికి దిగాడు. రెండు మూడు నిమిషాలకి ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది, రెండు దీపాలూ ఒకేసారి ఆరిపోయాయి. మిగతా పనంతా సెల్‌ఫోన్ వెలుగులోనే చేశారు.

దేవుడి దయవల్ల ఆయనకి మోకాలు చెక్కుకుపోయింది, మణికట్టు బెణికింది, అంతే. పాలు మొత్తం పోయాయి. బాబాయి పాల డబ్బులు ఇచ్చాడు, ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళ్ళి కట్టు కట్టించాడు. ఆ రోజు మార్కెట్టుకి పోలేదు.

వచ్చే ఆదివారం ఇంటికి వెళ్ళినప్పుడు ఆయన్ని చూడ్డానికి నేనూ వెళ్ళాను. నన్ను ఒక్క మాట అనలేదు. "దీపం దించమని చెయ్యి ఊపుతానే ఉన్నా బాబూ" అన్నాడు, అంతే. నేనేం చెప్పను? దించడానికి వీల్లేకుండా చేసింది నేనే.

ఆటోనగర్‌లో

డూమ్ విప్పి చూస్తే హెడ్‌లైట్ కప్లర్ కరిగి నల్లగా ముద్దయిపోయి ఉంది. విచిత్రం ఏంటంటే, 10 ఆంపియర్ల ఫ్యూజు మాత్రం చెక్కుచెదరలేదు. ఎక్కువ కరెంటు పోయి కాలితే ముందు ఫ్యూజు పోవాలి కదా?

ఆ ప్రశ్నతో ఆటోనగర్ వెళ్ళాను. లారీ బాడీలు కట్టడంలో దేశమంతా పేరున్న చోటు అది. గేరుబాక్సు నుంచి గాజు పెంకు దాకా అక్కడ బాగుచేసేవాళ్ళుంటారు. ఒక షెడ్డులో లారీల వైరింగ్ చేసే పెద్దాయన కరిగిన కప్లర్ని తిప్పి తిప్పి చూశాడు.

"రెండు లైట్లు పెట్టేముందు, ఉన్న ఒక్క లైటుకి ఎన్ని వోల్టులు అందుతున్నాయో చూశావా?"

చూడలేదు.

"ఎర్త్ చూశావా?"

అదీ చూడలేదు.

"మరి ఏం చూసి చేశావ్ బాబూ?"

ఆ మూడు ప్రశ్నలకి నేను ఫైనల్ ఇయర్ వైవాలో కూడా అంత ఇబ్బంది పడనేమో. ఇంటికొచ్చి, కాలేజీ ల్యాబ్‌లో అడిగి తెచ్చుకున్న మల్టీమీటర్‌తో మొదటి నుంచి మొదలుపెట్టాను. కరిగిన కప్లర్ లాంటిదే పాతది ఒకటి వేసి, జంపర్ తీగ తీసేసి, ఒక్క లో బీమ్ దీపమే వెలిగించి కొలిచాను.

లెక్క

ఇంజన్ కాస్త రేజ్ చేసి పట్టుకుంటే బ్యాటరీ దగ్గర 13.8 వోల్టులు. బల్బు వెనక రెండు పిన్నుల మధ్య 11.9 వోల్టులు. మధ్యలో 1.9 వోల్టులు మాయం. ఎక్కడికి పోయాయి? బ్యాటరీ నుంచి తాళం, తాళం నుంచి హ్యాండిల్ స్విచ్, అక్కడి నుంచి కప్లర్, కప్లర్ నుంచి బల్బు, బల్బు నుంచి ఫ్రేమ్ మీదుగా ఎర్త్. ఈ దారంతా సన్న తీగ, పాత పిన్నులు, చిలుము.

బల్బులోంచి దాదాపు 4.6 ఆంపియర్లు పోతున్నాయి. 1.9ని 4.6తో భాగిస్తే దారి నిరోధం సుమారు 0.41 ఓమ్. బల్బు నిరోధం సుమారు 2.6 ఓమ్‌లు. ఈ రెండు అంకెలతో మొత్తం కథ చెప్పొచ్చు. (తంతువు వేడిని బట్టి బల్బు నిరోధం కొంచెం మారుతుంది. ఇక్కడ స్థిరంగా తీసుకున్నాను, అంచనాకి అది చాలు.)

హాలోజెన్ బల్బు వెలుగు వోల్టేజీతో సమానంగా తగ్గదు. దాదాపు 3.4వ ఘాతంలో తగ్గుతుంది. వోల్టేజీ పది శాతం తగ్గితే వెలుగు ముప్ఫై శాతం పోతుంది. 13.8 వోల్టులు పూర్తిగా అందిన ఒక బల్బు వెలుగుని 100 అనుకుందాం. 11.9 దగ్గర అది 60. అంటే బాబాయి బండి మొదటి నుంచీ నూటికి అరవై వంతుల వెలుగుతోనే నడుస్తోంది. ఆయన చీకటి గురించి చేసిన ఫిర్యాదు నిజం. దానికి నేను చేసిన వైద్యమే తప్పు.

ఇప్పుడు నేను పెట్టిన జంపర్ లెక్క. రెండు బల్బులు సమాంతరంగా కలిస్తే నిరోధం 1.3 ఓమ్‌లు. దారి 0.41 అలాగే ఉంది. మొత్తం కరెంటు 13.8ని 1.71తో భాగిస్తే 8 ఆంపియర్లు. దారిలోనే 3.3 వోల్టులు పోతాయి, బల్బులకి మిగిలేది 10.5. ఆ వోల్టేజీ దగ్గర ఒక్కో బల్బు వెలుగు 40 కూడా ఉండదు. రెండూ కలిపి 79.

అంటే రెండో దీపం పెట్టి నేను సాధించింది 60ని 79 చెయ్యడం. దానికి కట్టిన ఖరీదు చూడండి. మొదట దారిలో వేడిగా పోతున్నది 8.6 వాట్లు. ఇప్పుడు దాదాపు 27. కరిగిన కప్లర్లో చిలుము పట్టిన ఒక్క పిన్ను నిరోధం 0.2 ఓమ్ అనుకున్నా, ఆ పిన్ను మీదే 13 వాట్లు. మన ల్యాబ్‌లో సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది. దాంట్లో సగం వేడిని ఒక ప్లాస్టిక్ కప్లర్ లోపల రోజూ గంటల తరబడి పెట్టానన్నమాట. బండి నడుస్తున్నంతసేపూ గాలి తగిలి కాస్త చల్లబడింది. బాబాయి ఆగి, ఇంజన్ ఆపకుండా దిగిన ఆ రెండు మూడు నిమిషాల్లో ఆ గాలీ లేదు.

మరి ఫ్యూజు ఎందుకు పోలేదు? 8 ఆంపియర్లకి వెనక లైటు, మీటర్ లైట్లు కలిపినా 10 దాటలేదు. చెడిపోయిన దారే కరెంటుని ఆపి ఉంచింది. ఫ్యూజు షార్టుని పట్టుకుంటుంది, చెడ్డ పిన్నుని పట్టుకోలేదు. "ఫ్యూజు పోలేదు కాబట్టి అంతా బాగానే ఉంది" అనే మాట మనం చాలాసార్లు వింటాం. అది నిజం కాదని ఆ నల్లటి ముద్ద చూపించింది.

ముందు దారి బాగుచేయడం

అందుకని మొదటి పని రెండో దీపం కాదు. ఉన్న దీపానికి మంచి దారి.

దీనికి వాడేది రిలే. హ్యాండిల్ మీది స్విచ్ బల్బు కరెంటు మొత్తాన్ని మోయక్కర్లేదు. రిలే కాయిల్‌కి కావాల్సిన ఒకటి రెండు పదుల వంతుల ఆంపియరు మోస్తే చాలు. బల్బులకి వెళ్ళే అసలు కరెంటు బ్యాటరీ నుంచి లావు తీగలో, రిలే కాంటాక్టు మీదుగా నేరుగా వెళ్తుంది. నాలుగు పిన్నుల బండి రిలేలో 85, 86 కాయిల్ పిన్నులు. 30, 87 కాంటాక్టు పిన్నులు.

2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ మీటరుకి 7 మిల్లీ ఓమ్‌లే. పోనూ రానూ మూడు మీటర్లకి 21. ఫ్యూజు, రిలే, కొత్త పిన్నులు కలిపి ఇంకో 50 వేసుకున్నా మొత్తం 0.07 ఓమ్. ముందు 0.41 ఉండేది. ఇప్పుడు ఒక్క దీపమే వెలిగితే బల్బుకి 13.4 వోల్టులు అందుతాయి, వెలుగు 91.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. చెడ్డ దారిలో రెండు దీపాలు ఇచ్చిన వెలుగు 79. మంచి దారిలో ఒక్క దీపం ఇచ్చేది 91. గోరంత దీపం కొండంత వెలుగు అని మనవాళ్ళు ఊరికే అనలేదు, ముందు ఆ దీపానికి చమురు అందాలి. చాలామందికి ఇక్కడితో అవసరం తీరిపోతుంది. తీరితే ఇక్కడే ఆపండి, నా సలహా అదే.

రెండూ వెలగాలంటే

అయినా బాబాయి అడిగినదాంట్లో న్యాయం ఉంది. ఎదురు ఎవరూ లేని కరకట్ట మీద హై బీమ్ వేసినప్పుడు లో బీమ్ కూడా ఉంటే దగ్గరా దూరం రెండూ కనిపిస్తాయి. కాబట్టి నియమం ఇలా పెట్టుకున్నాం. డిప్పర్ లో మీద ఉంటే లో దీపం ఒక్కటే. హై మీద ఉంటే రెండూ. దించగానే హై దీపం తప్పనిసరిగా ఆరిపోవాలి.

దీన్ని డిజిటల్ భాషలో చెప్తే, లో దీపం అంటే లో "ఆర్" హై. హై దీపం అంటే హై మాత్రమే. మూడో సెమిస్టర్లో చదివిన ఆర్ గేటే. నేను వేసిన జంపర్ కూడా ఆర్ గేటే అనుకున్నాను గానీ, అది రెండు వైపులా కరెంటు పోనిచ్చే ఆర్ గేటు. దానివల్లే లో కరెంటు హై దీపంలోకి పాకింది. కావలసింది ఒకే వైపు పోనిచ్చేది. అంటే డయోడు.

చేసిన విధానం ఇది.

ఒకటి. బ్యాటరీ ప్లస్ నుంచి లావు తీగ. బ్యాటరీకి జానెడు లోపలే 15 ఆంపియర్ల ఫ్యూజు. ఈ ఫ్యూజు దీపం దగ్గర పెడితే లాభం లేదు. మధ్యలో తీగ ఫ్రేముకి రాసుకుని షార్టయితే ఎవరు ఆపుతారు?

రెండు. రెండు రిలేలు. రెండింటి 30 పిన్నులకీ ఆ ఫ్యూజు దాటిన ప్లస్. మొదటి రిలే 87 నుంచి లో బల్బుకి, రెండో రిలే 87 నుంచి హై బల్బుకి, 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగలు.

మూడు. బల్బుల మైనస్‌లు, రెండు రిలేల 85 పిన్నులు అన్నీ కలిపి, మళ్ళీ లావు తీగలో నేరుగా బ్యాటరీ మైనస్‌కి. ఫ్రేము మీద ఆధారపడలేదు. ఆటోనగర్ పెద్దాయన అడిగిన రెండో ప్రశ్నకి జవాబు ఇదే.

నాలుగు. బండి ఒరిజినల్ కప్లర్లు బల్బుల నుంచి ఊడదీసి, వాటిలోంచి సిగ్నల్ మాత్రం తీసుకున్నాను. హై సిగ్నల్ నేరుగా రెండో రిలే 86కి. మొదటి రిలే 86కి మాత్రం రెండు 1ఎన్4007 డయోడ్ల ద్వారా, ఒకటి లో సిగ్నల్ నుంచి, ఒకటి హై సిగ్నల్ నుంచి. డయోడ్ మీద వెండి గీత ఉన్న వైపు రిలే వైపు ఉండాలి. ఆ డయోడు ఒక ఆంపియరు మోయగలదు, కాయిల్ తాగేది అందులో ఐదో వంతు కూడా కాదు. బల్బు కరెంటు డయోడులోంచి అస్సలు పోదు.

ఐదు. బల్బులకి కొత్త సిరామిక్ కప్లర్లు. ప్రతి అతుకుకీ లగ్గు నొక్కి, స్లీవు ఎక్కించాను. టేపు చుట్టి వదిలెయ్యలేదు. తీగలు హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పినా లాగకుండా చూసుకున్నాను.

ఒరిజినల్ తీగ ఒక్కటి కూడా కోయలేదు. కావాలంటే పది నిమిషాల్లో ఊడదీసి కంపెనీ కప్లర్లు మళ్ళీ బల్బులకి పెట్టేయొచ్చు.

తాళం తీస్తే సిగ్నల్ ఉండదు కాబట్టి రిలేలు వాటంతటవే వదిలేస్తాయి. ఈ దారిలో రెండూ వెలిగినప్పుడు కరెంటు 10 ఆంపియర్లు, బల్బుల దగ్గర 13.1 వోల్టులు, వెలుగు 168. మొదట 60, జంపర్‌తో 79, ఇప్పుడు 168. బల్బులు అవే, వాటి వాట్లు అవే.

పరీక్ష

పని అయ్యాక మూడు పరీక్షలు చేశాం. మొదటిది డిప్పర్. పదిసార్లు నొక్కితే పదిసార్లూ హై దీపం ఆరాలి. బాబాయి యాభైసార్లు నొక్కాడు, నేనేమీ అనలేదు.

రెండోది ఛార్జింగ్. రెండు దీపాలూ వెలిగించి, మామూలు వేగంలో తిరిగే రేజ్ దగ్గర ఐదు నిమిషాలు ఉంచి బ్యాటరీ వోల్టేజీ చూశాం. 13 పైన నిలబడితే ఆల్టర్నేటర్ మోయగలుగుతోందని అర్థం. 12.6 కిందికి జారుతుంటే బ్యాటరీ లోంచి తోడుకుంటోంది, రెండో దీపం ఆలోచన మానుకోవాలి.

మూడోది గోడ. సమతల నేల మీద, గోడకి ఎదురుగా, మనిషి కూర్చుని, వెనక మామూలుగా ఉండే బరువు పెట్టి లో బీమ్ చూడాలి. వెలుగు పై అంచు దీపం ఎత్తు కంటే కిందే ఉండాలి. బాబాయి వెనక బుట్టలు కట్టుకుని వెళ్తాడు. బరువుకి వెనక దిగి ముందు లేస్తుంది, దాంతో లో బీమ్ కూడా ఎదుటివాడి మొహం మీదికి పోతోంది. అది ఇన్నేళ్ళూ ఎవరం చూడలేదు. స్క్రూ తిప్పి దించాం.

చెయ్యకూడనివి

హెచ్4, హెచ్ఎస్1 లాంటి ఒకే బల్బులో రెండు తంతువులున్న దీపాలకి ఈ పని చెయ్యొద్దు. రెండు తంతువులూ ఒకే గాజులో కలిసి వెలిగితే ఆ వేడికి బల్బు, హోల్డరు, రిఫ్లెక్టర్ మూడూ పాడవుతాయి. పై పద్ధతి రెండు వేర్వేరు బల్బులున్న బళ్ళకే.

కొన్ని పాత బళ్ళలో హెడ్‌లైట్ బ్యాటరీ మీద కాకుండా మాగ్నెటో నుంచి వచ్చే ఏసీ మీద నడుస్తుంది. యాక్సిలరేటర్‌తో పాటు వెలుగు పెరిగి తగ్గుతుంటే అనుమానించండి. అక్కడ ఈ రిలే గడగడలాడుతుంది. ఎల్ఈడీ దీపాలున్న బళ్ళు, కంప్యూటరే లైట్లని నడిపే కొత్త బళ్ళ జోలికి పోవద్దు. వెలుగు చాల్లేదని 55 బదులు 100 వాట్ల బల్బు పెట్టొద్దు. పొగమంచులో హై బీమ్ వెయ్యొద్దు. పుష్యమాసంలో కాలవగట్ల మీద మంచు పట్టినప్పుడు హై బీమ్ వేస్తే మంచే వెలుగుతుంది, రోడ్డు కనపడదు. అప్పుడు లో బీమ్ ఒక్కటే దిక్కు.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ బండిలో మార్పుల గురించి చెప్తుంది. తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అందుకే బల్బులు, వాట్లు, దీపాల సంఖ్య ఏదీ మార్చలేదు, కంపెనీ తీగలు కోయలేదు. అయినా కొత్త బండికి వైరింగ్ ముట్టుకుంటే వారంటీ పోవచ్చు. ముందు షోరూమ్‌లోనూ, ఆర్‌టీఓ ఆఫీసులోనూ అడిగి చెయ్యడం మంచిది. నేను మొదటిసారి అడగలేదు.

చివరగా

మనం సర్క్యూట్ గీసినప్పుడు దీపాన్ని ఒక చిన్న వృత్తం, లోపల ఒక ఇంటూ గుర్తుతో గీస్తాం. దాని తర్వాత తీగ నేరుగా ఎర్త్‌కి వెళ్ళిపోతుంది. సర్క్యూట్ అక్కడితో పూర్తి. కానీ దీపం లోంచి బయటికి వెళ్ళిన వెలుగు ఎక్కడికి పోతుందో ఆ బొమ్మలో ఉండదు. కరకట్ట మీద అది పాల క్యాన్లతో వస్తున్న ఒక మనిషి కళ్ళల్లోకి పోయింది. డిప్పర్ స్విచ్ బండివాడి కోసం పెట్టింది కాదు, ఎదురొచ్చేవాడి కోసం పెట్టింది. దాన్ని నేను అక్కర్లేదని తీసేశాను.

సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు బాబాయి వెనక కూర్చుని కరకట్ట మీద వెళ్ళాను. దూరంగా ఒక సన్నని దీపం కనిపించగానే బాబాయి వేలు డిప్పర్ మీదికి పోయింది. పై దీపం ఆరింది. ఎదురొచ్చినాయన కూడా తన దీపం దించి, పక్కనుంచి వెళ్ళిపోయాడు. ఎవరో తెలియదు.

ఇది చదివాక మీ బండికి రెండో దీపం పెట్టమని అడగను. ల్యాబ్ నుంచి మల్టీమీటర్ తెచ్చి, బ్యాటరీ దగ్గర ఎంత, బల్బు దగ్గర ఎంత, రెండంకెలు కొలవండి. తేడా ఒక వోల్టు దాటితే మన క్లబ్బుకి రాసి పంపండి. వచ్చే సంచికలో కలిసి లెక్క వేద్దాం.